పసుపు పలక బరువు

అన్యాయం జరిగింది ఎవరికి? భవానీపురం రేవులో వల వేసుకుని బతికే గంగరాజుకు. ఎలా జరిగింది? 1992 నాటి కృష్ణా పుష్కరాలలో రెండో రోజున, గజ ఈతగాడిగా కాపలా కాస్తూ, స్నానాల రేవు దగ్గర మునిగిపోతున్న ఒక వృద్ధురాలిని మెట్ల దాకా చేర్చి, తాను మాత్రం నీటిలోనే ఉండిపోయాడు. ఆ సాయంత్రం, అతణ్ణి ఇంకా ఇంటికి కూడా చేర్చకముందే, మనిషి తాగి డ్యూటీకి దిగాడని ఒక పెద్దమనిషి చెప్పాడు. అధికారి రాసుకున్నాడు. ఊరు నమ్మింది. ఇరవై నాలుగేళ్ళ బతుకులో సారా చుక్క ముట్టని మనిషి ప్రభుత్వ రిజిస్టరులో ఒకే ఒక్క వాక్యంగా మిగిలాడు: "మద్యం మత్తులో పలక మీది నుండి జారిపడి మరణించెను."

ఊరు నమ్మడానికి కారణాలు లేకపోలేదు. ఆ ఏడు సారా మీద ఆడవాళ్ళ పోరాటం ఊరూరా నడుస్తోంది. ఏ ఇంట్లో ఏ మగవాడు పోయినా ముందు సారా పేరే వినబడేది. పైగా శవం మీద ఘాటైన వాసన ఉన్న మాట నిజం. గంగరాజు అక్క పేరమ్మ స్వయంగా ఆ వాసన చూసింది. అది దేని వాసనో ఆమెకు తెలియలేదు. సారా వాసన కాదని మాత్రం తెలుసు. ఆ మాట చెబితే, తోడబుట్టినది కాక ఇంకెవరు చెబుతారులే అన్నట్టు చూశారు జనం.

పేరమ్మను రాత్రింబగళ్ళు కుదిపిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ పలకను ఎంచింది ఆమే.

పుష్కరాల రోజుల్లో రేవు రేవుకూ గజ ఈతగాళ్ళను పెడతారు. వాళ్ళు నీటి మీద తేలే పలక మీద నిలబడి, పొడుగాటి తెడ్డుతో తోలుకుంటూ తిరుగుతారు. కూర్చుంటే ముందున్న పది తలలే కనిపిస్తాయి. నిలబడితే రేవంతా కనిపిస్తుంది. ఎవరి చెయ్యి పైకి లేచి మళ్ళీ కనబడలేదో తెలుస్తుంది. కనుక పలక నిలబడ్డ మనిషిని మొయ్యాలి, పట్టి లాగిన మనిషినీ మొయ్యాలి. పొట్టిదైతే నడక తిన్నగా ఉండదు, సన్ననిదైతే పక్కకు ఒరుగుతుంది. గంగరాజుకు అది మొదటి పలక. చేతిలో డబ్బు తక్కువ. జానకిరామ్ అనే ఆయన గొల్లపూడి దాటాక రోడ్డు పక్కన షెడ్డు వేసి ఫైబర్ సరుకు చేసేవాడు. లోపల కోల్డ్ స్టోరేజి గోడలకు వాడే నురుగు దిమ్మ, పైన ఫైబర్ పూత, ఆ పైన రంగు. అక్కా తమ్ముడూ షెడ్డులో చెరో కొసా పట్టుకుని ఒక ఎర్ర పలకను ఎత్తారు. తేలిగ్గా లేచింది. ఇదే తీసుకో అన్నది పేరమ్మ.

నీళ్ళలో వేసి చూడలేదు. వాళ్ళ ఆచారంలో అలా చూడరు. కొత్త పడవను గానీ పలకను గానీ పనిలోకి దించే రోజున గంగమ్మకు పసుపు కుంకుమలు పెట్టి, టెంకాయ కొట్టి, అప్పుడే నీటిని తాకిస్తారు. అంతకు ముందు తడిపితే అరిష్టమని నమ్మకం. ఆ నమ్మకమే గంగరాజును పరీక్షించని పలక మీద నిలబెట్టింది. ఈ సంగతి పేరమ్మకు తమ్ముడు పోయాక మెల్లగా, ఏడాదికి కొంచెం చొప్పున అర్థమైంది.

పన్నెండేళ్ళు గడిచాయి. 2004 పుష్కరాలు ఇంక వారం రోజులున్నాయనగా పేరమ్మ గజ ఈతగాళ్ళను చేర్చుకుంటున్న అధికారి హేమసుందర్ ముందు నిలబడింది. ఆయన కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. కాగితాలంటే భయం ఉన్నవాడు, మనుషులంటే చులకన లేనివాడు. ఆడవాళ్ళ స్నానాల రేవుకు ఆడమనిషి దొరికితే మంచిదేనని ఆయనే చాటింపు వేయించాడు. నలభై ఒక్కేళ్ళ పేరమ్మ చిన్నప్పుడు ఏటి నడుమ లంక నుంచి ఒడ్డుకు ఈదుకుంటూ వచ్చి కూరగాయలు కొనుక్కుని పోయిన మనిషి. కృష్ణలో ఆమెకు తెలియని సుడి లేదు. కానీ పేరూ ఊరూ రాసుకుంటూ పాత రిజిస్టరు తిప్పిన హేమసుందర్ చెయ్యి ఒకచోట ఆగింది.

గంగరాజు మీకేమవుతాడని అడిగాడు. తమ్ముడని చెప్పింది. ఆయన పెన్నుకు మూత పెట్టాడు. ఈ వాక్యం ఉండగా అదే ఇంటి మనిషికి అదే రేవులో డ్యూటీ వేస్తే రేపు పైవాళ్ళు తనను నిలదీస్తారని, తనకు వ్యక్తిగతంగా ఏమీ లేదని చెప్పాడు.

"ఆ వాక్యం అబద్ధమండీ," అన్నది పేరమ్మ.

"కావచ్చమ్మా. కానీ ఒకరు సాక్ష్యం చెబితే రాసింది. ఆ సాక్ష్యం చెప్పినవాళ్ళే కాదంటే తప్ప నేను కొట్టెయ్యలేను. శనివారం పది గంటలకు లిస్టు మూసేస్తాను. సొంత పలకతో రండి. మిగతాది నా చేతిలో లేదు."

సాక్ష్యం చెప్పింది జానకిరామ్. పేరమ్మ ఎదురైతే సందు మారి వెళ్ళిపోయే జానకిరామ్. పన్నెండేళ్ళలో ఆమె మూడుసార్లు ఆయన గుమ్మం ఎక్కింది. మూడుసార్లూ అయ్యగారు ఊళ్ళో లేరన్న జవాబే వచ్చింది. ఇప్పుడు పుష్కరాల బేరాలు. కొనడానికి వచ్చిన మనిషిని ఆయన కాదనలేడు. గుమ్మంలోంచే తిప్పి పంపిన మనిషిని బేరానికి వచ్చిందని లోపలికి పిలవక తప్పదు. ఎర్ర పలక ఏనాడో ఏట్లో కొట్టుకుపోయింది. కానీ చేసిన చెయ్యి అదే, షెడ్డు అదే. ఆ చెయ్యి ఇప్పుడు చేస్తున్నదేమిటో నలుగురి ముందు తేలితే, అప్పుడు చేసిందేమిటో అడగడానికి ఒక దారి దొరుకుతుంది. ఆమె లెక్క ఇంతే. చీటీ ఎత్తగా వచ్చిన రెండు వేల నాలుగు వందలు కొంగున ముడివేసుకుని గురువారం పొద్దున్నే బయల్దేరింది.

షెడ్డులో ఇద్దరు లంకవాళ్ళు అప్పటికే బేరమాడుతున్నారు. జానకిరామ్‌కు అరవై దాటాయి. జుట్టు తెల్లబడింది గానీ మాట తీపి తగ్గలేదు. పేరమ్మను చూసి ఒక్క క్షణం తడబడి, వెంటనే కుర్చీ వేయించాడు.

"రా అమ్మాయ్, రా. నీకు తక్కువలో ఇస్తాగా. మన గంగరాజు అక్కవి."

ఆమె కూర్చోలేదు. పలకలన్నీ వరసగా చూసింది. నీలం రంగు కొత్త పలక మూడున్నర వేలు. అది తన కొంగు ముడికి అందదు. ఆకుపచ్చది చవకే గానీ ఎనిమిది అడుగులే. పైగా చేత్తో కొలిచి చూస్తే రెండు జానల వెడల్పు కూడా లేదు. తాను నిలబడితేనే చాలదు, ఇక మునిగేవాళ్ళను ఎక్కడ పడుకోబెడుతుంది? మిగిలింది పసుపుది. పదిన్నర అడుగులు, మంచి వెడల్పు, తళతళలాడే రంగు. రెండు వేల రెండు వందలన్నాడు. ఈ పసుపువి ఇప్పటికి ముప్పై ఒక్కటి అమ్మానని, ఇదొక్కటే మిగిలిందని చెప్పాడు.

"ఎత్తి చూడమ్మాయ్. దూదిలా లేదూ?"

ఆ మాట పన్నెండేళ్ళ నాటిది. గొంతు కూడా అదే. పేరమ్మ ఎత్తింది, నిజంగానే తేలిగ్గా ఉంది. వేసవంతా రేకుల షెడ్డులో ఎండిన వస్తువు తేలిగ్గానే ఉంటుంది.

గోడ వారగా ఇంకొక పలక నిలబెట్టి ఉంది. దానికి రంగు లేదు. ఫైబర్ పూత పచ్చి తేనె రంగులో, గాజులా, లోపలి తెల్లటి దిమ్మను చూపిస్తోంది. ఎక్కడా మరక లేదు. షెడ్డులో పనిచేసే జాన్‌బాబు దాని అంచు గీరుతున్నాడు. ఇరవయ్యేళ్ళుగా అదే షెడ్డులో ఫైబర్ పూస్తూ చేతులు బొబ్బలెక్కిన మనిషి అతను. అదెంత అని పేరమ్మ అడిగింది. జానకిరామ్ నవ్వాడు. అది జాన్‌బాబు తీరిక వేళల్లో కొత్త దిమ్మతో చేసుకున్నదని, రంగు వెయ్యకపోతే పుష్కరాల్లో ఎవడు చూస్తాడని, కావాలంటే రెండు వేలకు పట్టుకుపొమ్మని అన్నాడు. లంకవాళ్ళు కూడా నవ్వారు. పలకంటే పలకలా ఉండాలి గదా, ఇదేదో వడియాల చాపలా ఉందన్నాడు ఒకడు.

పేరమ్మ రెంటినీ చేత్తో తట్టి చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది: రెండు పలకలనూ రేవుకు తీసుకెళ్తాను. ఎండుగా ఉండగా ఒకసారి తూయిస్తాను. ఒక పగలు, ఒక రాత్రి రాళ్ళు పెట్టి నీళ్ళలో ఉంచి మళ్ళీ తూయిస్తాను. బరువు పెరగనిదాన్ని కొంటాను. డబ్బంతా ఈలోగా చేపల మార్కెట్లో కాటా పెట్టుకున్న శౌరమ్మ దగ్గర ఉంటుంది.

జానకిరామ్ ముఖంలో తీపి పోయింది. "పూజ కాకుండా కొత్త పలకను నీళ్ళలో వేస్తావా? మీ కులంలో పుట్టిన ఆడదానివేనా నువ్వు? వీళ్ళను అడుగు."

లంకవాళ్ళిద్దరూ తల పంకించారు. అరిష్టమే, అని ఒకడు నేల వైపు చూస్తూ అన్నాడు.

పేరమ్మకు ఆ మాట కొత్త కాదు. ఆమె కూడా ఆ నమ్మకంలోనే పెరిగింది. నిన్న మొన్నటి దాకా ఆ మాట ఇంకెవరైనా అంటే తాను కూడా లెంపలు వేసుకునేది.

"అరిష్టం మా ఇంట్లో జరిగిపోయిందండీ," అన్నది. "పూజ చేసే దించాం అప్పుడు. నీళ్ళలో వెయ్యడానికి భయం లేని సరుకైతే పంపించండి. భయముంటే అది వీళ్ళ ముందే చెప్పండి."

కొనేవాళ్ళ ఎదుట భయముందని ఏ వ్యాపారి చెబుతాడు? జానకిరామ్ చెయ్యి విసిరాడు. తీసుకుపొమ్మన్నాడు. రిక్షా బండి మీద రెండు పలకలూ రేవుకు వచ్చాయి.

రేవు పక్క చేపల మార్కెట్లో శౌరమ్మ కాటాకు ఒక పేరుంది. పడవల వాళ్ళూ బేరగాళ్ళూ పోట్లాడుకున్నప్పుడు చివరికి వచ్చేది ఆ కాటా దగ్గరికే. శౌరమ్మ ఆదివారం చర్చిలో పూజకు తప్పదు, తూకంలో తప్పదు, మాటలో మెత్తదనం మాత్రం ఎరగదు. పేరమ్మ చెప్పింది విని ఆమె ఒకే ప్రశ్న వేసింది: రెండు పలకలు ఎందుకు తెచ్చావు? ఒకటే తెచ్చి ఉంటే వాన పడిందనో, కాటా జారిందనో అంటారని పేరమ్మ అన్నది. శౌరమ్మ తలూపింది.

"ఒక్కదాన్ని తూస్తే తగవు. రెంటిని తూస్తే సాక్ష్యం. డబ్బిటు ఇవ్వు."

శుక్రవారం పొద్దున నలుగురు చూస్తుండగా తూచారు. పసుపుది పదకొండు కిలోల రెండు వందలు. రంగు లేనిది పన్నెండు కిలోల నూరు. శౌరమ్మ రెంటి మీదా బొగ్గుతో అంకెలు వేసి, ఎవరూ మార్చకుండా తన రుమాలు చింపి ముడులు వేసింది. రేవు మూలన కట్టిన వెదురు దడిలోకి దించి, ఒక్కొక్కదాని మీదా ఇద్దరు మనుషుల బరువున్న రాళ్ళు పేర్చారు. పేరమ్మ మెట్టు మీద కూర్చుంది.

మార్కెట్లో అందరికీ తెలిసిపోయింది. బుట్టలు మోసే ఆడవాళ్ళు ఆమె పక్కగా పోతూ మాట విసిరారు. గంగమ్మతో పందెమా అని ఒకామె, తమ్ముణ్ణి మింగింది చాలలేదా అని ఇంకొకామె. పేరమ్మ మొగుడు మధ్యాహ్నం అన్నం తెచ్చి, కాసేపు పక్కన కూర్చుని వెళ్ళిపోయాడు. ఆయనకూ అరిష్టమంటే భయమే. పేరమ్మ భయం వేరు. ఒకవేళ రెండు పలకలూ చుక్క పీల్చకపోతే? అప్పుడు తమ్ముడి వాక్యం ఇంకా గట్టిపడుతుంది. పలక మంచిదే, మనిషే చెడ్డవాడు అని తానే నలుగురి ముందు నిరూపించినట్టు అవుతుంది. ఈ సంగతి పేరమ్మకు శుక్రవారం మధ్యాహ్నం నీళ్ళలోకి చూస్తుండగా తట్టింది. తట్టాక అన్నం గిన్నెకు మూత పెట్టేసింది.

పొద్దు వాలుతుండగా జాన్‌బాబు వచ్చాడు. మెట్ల దాకా వచ్చి, నీళ్ళలోని పసుపు రంగును చూస్తూ నిలబడ్డాడు.

"పేరమ్మక్కా, తీసెయ్యి. నా పలక నువ్వు ఊరికే పట్టుకుపో. డబ్బు కూడా వద్దు."

"ఎందుకు తియ్యాలి?"

నాకు ముగ్గురు పిల్లలక్కా, అన్నాడతను. అది జవాబు కాదు; నోరు విప్పితే పని పోతుందన్న భయం. పేరమ్మ అతని ముఖంలోకి చూసింది. అడిగితే పారిపోతాడని తెలిసి, అడగలేదు. రేపు ఎనిమిదింటికి కాటా దగ్గర ఉండమని మాత్రం చెప్పింది.

శనివారం పొద్దున మార్కెట్లో చేపల కంటే మనుషులే ఎక్కువ ఉన్నారు. శౌరమ్మ హేమసుందర్‌కు ముందే కబురు పంపింది. తమ మనుషులు ఎక్కబోయే పలకల సంగతి గనుక ఆయన ఎనిమిదింటికే రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చాడు. జానకిరామ్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. జాన్‌బాబు వెనకాల, ఐసు పెట్టెల పక్కన నిలబడ్డాడు. పసుపు పలక కొన్నవాళ్ళు ఏడెనిమిది మంది కూడా వచ్చారు.

పలకలు బయటకు తీసి, పై తడి ఆరేలా తుడిచి, ముడులు అందరికీ చూపించింది శౌరమ్మ. ముందు రంగు లేనిదాన్ని కాటా మీద పెట్టారు. ముల్లు ఊగి ఆగింది. పన్నెండు కిలోల రెండు వందలు. నూరు గ్రాములు పెరిగింది.

ఇప్పుడు పసుపుది. దాన్ని ఎత్తేటప్పుడే ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తోక వైపు పట్టుకున్నవాడు పట్టు మార్చుకోవలసి వచ్చింది. ముల్లు పదకొండు దాటింది, పదమూడు దాటింది, పదిహేను దాటి ఊగుతూ పదహారు కిలోల నాలుగు వందల దగ్గర నిలబడింది. తోక అంచున రంగు కింది నుంచి సన్నటి ధారగా నీరు కారి కాటా పళ్ళెంలో మడుగు కట్టింది.

పలకలు కొన్నవాళ్ళు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. హేమసుందర్ చెయ్యెత్తి వాళ్ళను ఆపి, ఇదేమిటని జానకిరామ్‌ను అడిగాడు.

జానకిరామ్ వెనక్కి తిరిగి, ఐసు పెట్టెల వైపు వేలు చూపించాడు. "పనివాణ్ణి నమ్మి చెడిపోయానండీ. వీడు. పూత సరిగ్గా వెయ్యకుండా నా డబ్బు తిన్నాడు. ఇవాళే తీసేస్తాను వీణ్ణి. కావాలంటే కేసు పెట్టండి."

జాన్‌బాబు తల వంచుకున్నాడు. అతని బొబ్బల చేతులు లుంగీ అంచు పట్టుకుని ఉన్నాయి.

పేరమ్మకు కావలసింది అప్పటికి దొరికినట్టే. పలక దోషం తేలింది; పది గంటలు కావడానికి ఇంకా వ్యవధి ఉంది; ఇప్పుడు నోరు మూసుకుంటే జానకిరామ్ కోపం జాన్‌బాబు మీదికే పోతుంది, తన మీదికి రాదు. బహుశా తమ్ముడి మాట కూడా ఆయన మెత్తబడి చెప్పవచ్చు. ఆమె ఆ దారి చూసింది. చూసి, అడుగు ముందుకు వేసి జాన్‌బాబు పక్కన నిలబడింది.

"పన్నెండేళ్ళ కిందట చచ్చినవాడి మీద తప్పు పెట్టారు," అన్నది. గొంతు పెంచలేదు. "వాడు లేచి చెప్పుకోలేకపోయాడు. ఇప్పుడు బతికున్నవాడి మీద పెడుతున్నారు. వీడు కొత్త దిమ్మతో చేసిన పలక అదిగో కాటా పక్కనే ఉంది. ఇదే చెయ్యి చేసిందది. నూరు గ్రాములు పెరిగింది. చెయ్యి చెడ్డదా, మీరిచ్చిన దిమ్మ చెడ్డదా జానకిరామ్ గారూ?"

జవాబు జాన్‌బాబు నుంచి వచ్చింది. ముందు గొణిగినట్టు, తర్వాత అందరికీ వినబడేట్టు చెప్పాడు. ముప్పై రెండు పసుపు పలకల్లోనూ పడగొట్టిన కోల్డ్ స్టోరేజీ నుంచి కొన్న పాత దిమ్మలే పెట్టారు. పగుళ్ళకు పుట్టీ పెట్టి రంగు కప్పారు. తాను వద్దన్నాడు, పని మానుకోలేదు. అంతా చెప్పి ఆగి, పేరమ్మ వైపు తిరిగాడు.

"అప్పుడు కూడా ఇంతే అక్కా. రెండో రోజు పొద్దున గంగరాజు ఆ పలక మోసుకొచ్చాడు. బరువెక్కింది, పక్కకు ఒరుగుతోంది, మార్చండి అన్నాడు. అయ్యగారు మార్చలేదు. నన్ను పుట్టీ పెట్టి రంగు కొట్టమన్నారు. రంగు త్వరగా ఆరాలని థిన్నర్ ఎక్కువ పోసి గంటసేపే ఆరబెట్టా. ఏట్లో దించి ఆ పచ్చి రంగు మీదే పడుకుని తోలుకుంటూ డ్యూటీకి పోయాడు. వాడి ఒంటికి అంటింది ఆ థిన్నర్ వాసనక్కా. సారా కాదు."

పేరమ్మ కాటా కడ్డీ పట్టుకుంది. తమ్ముడు పలకను వెనక్కి తెచ్చాడన్న సంగతి ఆమెకు ఇవాళే తెలిసింది. తాను ఎంచిన తప్పును వాడు ఒక్క రోజులో కనిపెట్టాడు. సరిదిద్దమని అడిగాడు కూడా. అడిగిన చోట వాడిని మళ్ళీ అదే పలక మీదికి ఎక్కించి పంపారు.

హేమసుందర్ రిజిస్టరు కాటా బల్ల మీద పెట్టాడు. పసుపు పలకను ఇక్కడే కోయించి లోపలి దిమ్మ చూస్తానని, అమ్మిన ముప్పై ఒక్కటీ వెనక్కి తెప్పిస్తానని, పాత సాక్ష్యం గురించి జానకిరామ్ చెప్పేది ఏమైనా ఉంటే కోత మొదలుకాక ముందే చెప్పమని అన్నాడు. రంపం తెచ్చినవాడు పలక పక్కన కూర్చున్నాడు.

జానకిరామ్ పేరమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. నీలం పలక ఊరికే ఇస్తానన్నాడు. ఎంత కావాలో చెప్పమన్నాడు. ఇంటికొచ్చి మాట్లాడతానన్నాడు.

"మా వాడి పరువు మీరు ఇంటికొచ్చి తియ్యలేదండీ," అన్నది పేరమ్మ. "ఈ రేవులో, జనంలో నిలబడి తీశారు. నాకు పలక వద్దు, పైసా వద్దు. ఎక్కడ తీశారో అక్కడే తిరిగి ఇవ్వండి."

ఆయన చుట్టూ చూశాడు. తన సరుకు కొన్న ముఖాలు. తనతో పండగలకు భోంచేసిన ముఖాలు. ఎవరూ ముఖం తిప్పుకోలేదు. అదే ఆయనకు కష్టమైంది. రంపం పలక అంచును తాకిన చప్పుడు విని ఆయన భుజాలు దిగిపోయాయి.

"ఆపరా," అన్నాడు. తర్వాత హేమసుందర్ వైపు తిరిగాడు. "రాసుకోండి బాబూ. గంగరాజు తాగలేదు. పలక కారుతోందని వాడు నాకు చెప్పాడు. మార్చమని అడిగాడు. ఇంకో పలక ఉంది నా దగ్గర, దానికి ఎక్కువ ధర వస్తుందని ఇవ్వలేదు. వాడు పోయాక నిజం చెబితే షెడ్డు పోతుందని భయపడ్డా. సారా అంటే ఎవరూ రెండో మాట అడగరని తెలిసి ఆ మాట అన్నా."

హేమసుందర్ రాశాడు. రాసింది చదివి వినిపించాడు. శౌరమ్మ అడ్డం వచ్చింది: ఆయన చేత చదివించండి, అన్నది. అప్పుడు పెద్దమనిషి గనుక గట్టిగా చెప్పాడు, ఇప్పుడూ గట్టిగానే చెప్పాలి. జానకిరామ్ కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. రెండుసార్లూ జనం ఆగారు. ఎవరూ జాలిగా చాలులే అనలేదు. చదవడం అయ్యాక కింద సంతకం పెట్టాడు. సాక్షిగా శౌరమ్మ, ఆమె కింద జాన్‌బాబు.

అమ్మిన పలకలు సాయంత్రంలోగా షెడ్డు ముందు చేరాలని, ఎవరి డబ్బు వాళ్ళకు తిరిగి ఇవ్వాలని హేమసుందర్ ఆజ్ఞ రాశాడు. ఆ సరుకుకు కేసు వేరే ఉంటుందన్నాడు. శౌరమ్మ పేరమ్మ డబ్బులోంచి రెండు వేలు తీసి జాన్‌బాబు చేతిలో పెట్టింది. అతను వద్దన్నాడు. చేసిన పనికి ధర తీసుకోమని, ఊరికే ఇచ్చే పలక తనకు వద్దని పేరమ్మ చెప్పింది. అతను తీసుకున్నాడు.

పది కావస్తుండగా హేమసుందర్ 1992 నాటి పుట తెరిచాడు. ఎర్ర సిరాతో ఆ వాక్యం మీద ఒక గీత, దాని మీద ఇంకొక గీత గీశాడు. పక్కన తేదీ వేసి కొత్త వాక్యం రాసి, పుటను పేరమ్మ వైపు తిప్పాడు. అయిదో తరగతి దాకా చదివిన పేరమ్మ వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, అందరికీ వినబడేట్టు చదివింది:

"గంగరాజు, గజ ఈతగాడు. విధి నిర్వహణలో ఒక ప్రాణమును కాపాడి, లోపభూయిష్టమైన పలక కారణముగా మరణించెను. మద్యము సేవించి యుండలేదు."

తర్వాత కొత్త జాబితా తెరిచి, ఆడవాళ్ళ రేవుకు ఎదురుగా ఆయన పేరమ్మ పేరు రాశాడు. నష్టపరిహారం కోసం అర్జీ పెట్టుకోవచ్చని, తాను సిఫారసు చేస్తానని కూడా చెప్పాడు. అది తర్వాత చూద్దామండీ, అన్నది ఆమె. జానకిరామ్ ఇంకా కాటా పక్కనే నిలబడి ఉన్నాడు, వెళ్ళమని ఎవరైనా చెబుతారేమోనన్నట్టు. పేరమ్మ ఆయన ఎదుటికి వెళ్ళింది.

"మీరు మాకు పడిన బాకీ ఇదొక్కటేనండీ," అన్నది. "ఇవాళ్టితో తీరిపోయింది. ఇంక నన్ను చూసి సందు మారక్కర్లేదు."